‘మందు కొట్టిండు’ అనే మాట

తోట పనిలోకి కొత్తగా వచ్చే పిల్లలు నన్ను మొదట అడిగేది పాముల గురించి. “అక్కా, లాన్ల పాములుంటయా?” అని. ఉంటాయి. కానీ నేను పనిచేసినన్నాళ్లూ పాము వల్ల మా మనిషి ఎవరూ దవాఖాన మెట్లు ఎక్కలేదు. పామును చూసి మేము ఉరికాం, మమ్మల్ని చూసి పాము ఉరికింది, ఇద్దరమూ క్షేమంగానే ఉన్నాం. మా మనిషి ఒకడు చావు దాకా పోయి వచ్చాడంటే అది ఒక మాట వల్ల. ఆ మాట మీ నోట్లో కూడా ఉంది. అందుకే ఇది రాయాలనిపించింది.

నా పేరు సుగుణ. ఆర్మూర్‌లో హైవే పక్కన ఉన్న ఒక నర్సరీలో కలుపు తీయడానికి చేరి, అక్కడే సూపర్‌వైజర్‌గా పని మానేశాను. నర్సరీ అంటే మొక్కలు అమ్మే దుకాణం అనుకుంటారు. అమ్మకం మా పనిలో చిన్న ముక్క. అసలు పని బయట ఉండేది. ఫంక్షన్ హాళ్ల లాన్లు, బడుల ముందు చెట్లు, దుబాయి, మస్కట్ పోయి వచ్చినవాళ్లు కట్టుకున్న ఇళ్ల ముందు తోటలు. గడ్డి కోయాలి, కంచె చెట్లు కత్తిరించాలి, పురుగు పడితే వీపుకు పంపు తగిలించుకొని కొట్టాలి. కలుపు తీసే ఆమె సూపర్‌వైజర్ ఎలా అయిందో మాత్రం రాయను. అది చదివినంత మాత్రాన ఎవరి వేలూ తెగకుండా ఆగదు.

రాజన్న బూట్లు

మా యజమాని రాజన్న. నాకంటే చిన్నవాడు, నన్ను అక్కా అనే పిలిచేవాడు. గల్ఫ్‌లో ఒక తోటల కంపెనీలో చాలా ఏళ్లు పనిచేసి వచ్చి ఈ నర్సరీ పెట్టాడు. అక్కడ బూట్లు లేకపోతే గేటు లోపలికి రానిచ్చేవారు కాదట. వచ్చీ రాగానే మా అందరికీ ముక్కు దగ్గర ఇనుము ఉన్న బూట్లు కొని పంచాడు.

మేము ఏం చేశాం? ఇంట్లో దాచుకున్నాం. అంత మంచి బూట్లు బురదలో ఎవరు వేసుకుంటారు! మా పంపు మనిషి లింగం అయితే వాటికి పాలిష్ చేసుకొని బామ్మర్ది పెళ్లికి వేసుకుపోయాడు. ఫొటోలో పెళ్లికొడుకు కంటే లింగం కాళ్లే ఎక్కువ మెరిశాయి.

రాజన్నకు కోపం వచ్చింది. పొద్దున్నే అందరినీ నిలబెట్టి గంటసేపు అరిచాడు. నేను వింటూ వింటూ అతని కాళ్ల వైపు చూశాను. రబ్బరు చెప్పులు.

“రాజన్నా, నీ కాళ్లేమన్న ఇనుపయా?” అన్నాను.

అందరూ నవ్వారు. రాజన్న ముఖం ఎర్రబడింది కానీ మర్నాడు బూట్లతో వచ్చాడు. ఆ వారంలోనే మిగతావాళ్ల బూట్లూ అటకల మీద నుంచి దిగాయి. తర్వాత కొన్నాళ్లకే గోతి తవ్వుతుంటే గడ్డపార జారి లింగం పాదం మీద పడింది. బూటు సొట్టపోయింది, కాలు మిగిలింది. ఆ సొట్ట బూటును లింగం మార్చనిచ్చేవాడు కాదు. అందరికీ చూపించుకునేవాడు.

యజమాని నోరు ఎవరూ వినరు, కాళ్లు చూస్తారు. మీరు రేపు మేస్త్రీలు, సూపర్‌వైజర్లు అయితే ముందు మీ కాళ్ల వైపు చూసుకోండి.

గల్ఫ్ నుంచి రాజన్న తెచ్చిన రెండో అలవాటు పొద్దుటి మాట. బండి ఎక్కే ముందు అందరం గుండ్రంగా నిలబడాలి. ఇవాళ ఏ పని, ఏ మిషన్, ఎక్కడ దెబ్బ తగలొచ్చు అనేది ఒకరు చెప్పాలి. మొదట్లో “బడిల ప్రార్థన లెక్కున్నది” అని నవ్వుకున్నాం. చాయ్ తాగుతూ నిలబడేవాళ్లం కాబట్టి ఓపిక పట్టాం. ఆ గుండ్రం విలువ తర్వాత తెలిసింది.

ముందు కడుగు

ఆర్మూర్‌లో ఎవరికి ఎక్కడ తెగినా మొదట పోయేది పసుపు డబ్బా దగ్గరికే. మనది పసుపు పండించి, పసుపు ఉడకబెట్టి, పసుపు అమ్మి బతికే ఊరు. సీజన్‌లో మార్కెట్ యార్డు వైపు నుంచి గాలి వస్తే తుమ్ము కూడా పచ్చగానే వస్తుంది. అట్లాంటి ఊళ్లో పసుపును తప్పుపట్టడం అంటే ఇంటి పెద్దమనిషిని తప్పుపట్టినట్టే.

ఒకసారి లింగం తుప్పుపట్టిన కంచె తీగతో అరచేయి చీరుకున్నాడు. ఆ ఇంటావిడ గుప్పెడు పసుపు ఇచ్చింది. అతను దాన్ని గాయంలోకి కూరి, గుడ్డ కట్టి, సాయంత్రం దాకా పని చేశాడు. మట్టి లోపల, పసుపు పైన. నాలుగు రోజులకు చేయి బూరెలా ఉబ్బితే నేనే దవాఖానకు తీసుకుపోయాను. నర్సు గుడ్డ విప్పి చూసి, “గిదేంది, చెయ్యిని కూర వండుకుందామనుకున్నవా?” అంది.

“పసుపు మంచిదే కదమ్మా,” అన్నాడు లింగం.

“మంచిదే. లోపల ఎర్రగున్నదో, చీము వట్టిందో నాకు కనవడాలె కదనయ్య. అంత పచ్చగనే ఉన్నది.”

ఆమె దాన్ని కడగడానికి పట్టిన సేపు లింగం అరిచిన అరుపులు దవాఖాన గేటు దాకా వినిపించాయి. ఆ రోజు నుంచి మా బండిలో ఒక సబ్బు, ఒక నీళ్ల డబ్బా, శుభ్రమైన గుడ్డలు పెట్టాం. పసుపు మీద నాకు పగ లేదు, నా వంటింట్లో కూడా ఉంది. ముందు సబ్బుతో కడుగు, తర్వాత దవాఖానకు పోయి టీటీ సూది వేయించుకో. ఆ తర్వాత పసుపు పెట్టుకుంటావో, అన్నంలో కలుపుకుంటావో నీ ఇష్టం.

మన దగ్గర రెండింటి మీద ఎవరికీ అనుమానం రాదు. ఒకటి పసుపు. రెండోది మందు.

లింగం నిజమే చెప్పాడు

మన భాషలో మందు అంటే ఎన్నో చూడండి. దగ్గుకు తాగేది మందు. పురుగును చంపేది మందు. గడ్డిని మాడ్చేది మందు. పటాకుల్లో నింపేది మందు. పొద్దుగూకాక సీసాలో కొనుక్కునేదీ మందే. మొగుడు తల్లి మాట వింటే “మందు పెట్టిన్రు” అంటుంది కోడలు, పెళ్లాం మాట వింటే అదే మాట అత్త అంటుంది. ఇన్ని పనులు ఒక్క మాటకు అప్పజెప్పి మనం హాయిగా బతుకుతున్నాం.

లింగం ఒకప్పుడు బాగా తాగేవాడు. భార్య రాజమణి పసుపు కళ్లాల్లో కూలికి పోయి ఇల్లు నడిపేది. చివరికి ఒకరోజు బిడ్డ తల మీద చేయి పెట్టించి ఒట్టు వేయించింది. ఒట్టు వేశాక లింగం చుక్క ముట్టలేదు. ఆ సంగతి వాళ్ల వాడలో అందరికీ చెప్పుకునేది రాజమణి. మనిషి మారాడని చెప్పుకోవడం ఆమెకు బంగారం పెట్టుకున్నంత గొప్ప.

అప్పట్లో మాకు భూమారెడ్డి పటేల్ ఫంక్షన్ హాల్ పెద్ద కస్టమర్. పెద్ద లాన్, గోడ పొడుగునా మందార చెట్లు. ఆ మందారాలకు పిండినల్లి పట్టింది, కొమ్మలన్నీ తెల్లగా పిండి చల్లినట్టు అయ్యాయి. లింగాన్ని పంపుతో పంపించి, నేను మిగతావాళ్లతో ఒక బడిలో గడ్డి కోయించడానికి పోయాను.

తర్వాత తెలిసిన సంగతి ఇది. పంపు మూత సరిగా బిగియక వీపు మీద కారుతూనే ఉంది. అంగీ తడిసి ఒంటికి అంటుకుంది. ఎండకు చల్లగా ఉందనుకున్నాడు లింగం. మధ్యలో నాజిల్ మూసుకుపోతే విప్పి నోటితో ఊదాడు. ఆర్మూర్ చుట్టుపక్కల చేన్లలో నాజిల్‌ను నోటితో ఊదని మగవాడు ఎవరైనా ఉంటే నాకు చూపించండి. మధ్యాహ్నం దాటాక తల తిరిగి, గోడకు ఆనుకొని కూర్చున్నాడు. మాట ముద్దగా వస్తోంది, లేస్తే తూలుతున్నాడు.

భూమారెడ్డి పటేల్ అది చూశాడు. చెడ్డ మనిషి కాదు. పాత లింగాన్ని ఎరిగినవాడు. ఆటో పిలిచి, “మందు కొట్టిండు, ఇంటికాడ దించు,” అని చెప్పి పంపాడు.

ఆటో అతను ఇంటి ముందు దించి రాజమణితో అదే అన్నాడు. “మీ ఆయన మందు కొట్టి పడ్డడట వదినె.”

ఆమె మొగుడి ముఖంలోకి చూసి, “నిజమేనా?” అని అడిగింది.

లింగం నిజమే చెప్పాడు. పాపం, ఉన్న శక్తంతా కూడదీసుకొని చెప్పాడు. “మందు కొట్టిన రాజమణీ… మందు కొట్టిన…”

ఆమె అతన్ని అరుగు మీదే వదిలేసి లోపలికి పోయి తలుపు వేసుకుంది. లోపల కూర్చొని ఏడ్చింది. పక్కింటివాళ్లు జాలిపడి నిమ్మకాయ పిండిన మజ్జిగ తెచ్చి తాగించబోయారు. అతను బయట అరుగు మీద ఆ ఒక్క మాటే అంటూ ఉన్నాడు.

సాయంత్రం నేను పంపు తెచ్చుకుందామని ఫంక్షన్ హాల్‌కు పోయాను. మందారాలు సగమే తడిసి ఉన్నాయి. పంపు గోడ పక్కన పడి ఉంది.

“లింగం ఏడి పటేలా?”

“మందు కొట్టిండు, ఇంటికి పంపిన.”

“సగమే కొట్టిండు కద! పని ఇడిచిపెట్టి పోయే మనిషి కాదే?”

“అరె, గా మందు కాదు సుగుణమ్మా, తాగిండంటున్న!”

పంపు మూత చూశాను, తడిసిన మట్టి చూశాను. మందు డబ్బా సంచిలో వేసుకొని ఆటో ఎక్కి వాళ్ల ఇంటికి పోయాను. అరుగు మీద లింగం నోట్లోంచి చొంగ కారుతోంది, ఒళ్లంతా చెమట. దగ్గరికి పోతే సారా వాసన కాదు, ముక్కు మండే ఘాటు వాసన. టార్చి వేసి చూస్తే కంటిపాపలు ఆవగింజంత ఉన్నాయి. అంగీ ఇంకా వీపుకు అంటుకొనే ఉంది. అంటే పొద్దుటి నుంచీ అది ఒంట్లోకి దిగుతూనే ఉంది.

“రాజమణీ, తలుపు తియ్యి! తాగలేదే వీడు! పురుగుల మందే కొట్టిండు!”

తలుపు తీసిన ఆమె ముఖం నేను మరిచిపోలేను. చేతులకు కవర్లు చుట్టుకొని అంగీ కోసి తీసేశాం. సబ్బు పెట్టి నీళ్లు కుమ్మరించాం. వచ్చిన ఆటోలోనే దవాఖానకు తీసుకుపోయాం.

అక్కడ కూడా ఆ మాట మమ్మల్ని వదల్లేదు. డ్యూటీ డాక్టర్ ఏమైందని అడిగితే రాజమణి “మందు కొట్టిండు సార్,” అంది. ఆయన మంచం వైపు వేయబోయిన అడుగు ఆపి, “ఎంత తాగిండు?” అన్నాడు. ఆయన తప్పేముంది? రోజుకు ఎందరిని అట్లా చూస్తాడో. నేను సంచిలోంచి డబ్బా తీసి బల్ల మీద పెట్టాను.

“గిది కొట్టిండు సార్. చెట్లకు.”

డబ్బా మీద ఉన్న పేరు చదివాక ఆయన నడక మారింది. నర్సులు ఉరికారు. సూదుల మీద సూదులు పడ్డాయి. ఇంకొంచెం ఆలస్యం అయితే చేతులెత్తేసేవాళ్లమని తర్వాత చెప్పాడు. బతుకుతాడో లేదో తెలియని ఆ గంటల్లో రాజమణి వరండాలో గోడకు తల ఆనించి నాతో ఒకటే అంది.

“ఆయన చెప్పిండక్కా. నాకు నోరిడిచి చెప్పిండు. నేనే తలుపు పెట్టుకున్న.”

ఏం చెప్పి ఓదార్చను? నేను ఆదివారం చర్చికి పోయే మనిషిని, ప్రార్థన తప్ప ఇంకేమీ తోచలేదు. ఆమె చేయి పట్టుకొని తెల్లారేదాకా కూర్చున్నాను. తెల్లారాక లింగం నీళ్లు అడిగాడు. నాకు తెలిసిన దేవుడికీ, ఆమెకు తెలిసిన దేవుళ్లందరికీ దండం పెట్టాను.

పేరు మార్చాం

చావు తప్పి కన్ను లొట్టపోయిందంటారు. లింగానికి కన్ను బాగానే ఉంది, పేరు లొట్టపోయింది. ఇంటికి వచ్చాక కూడా వాడలో “మళ్ల తాగుడు షురూ చేసిండట” అనే మాట తిరుగుతూనే ఉంది. “పానం పోయినా మంచిగుండు అక్కా, ఒట్టు తప్పినోన్ని చేసిన్రు,” అన్నాడు నాతో. మనిషికి పేరు ఎంత అవసరమో ఆ రోజు అతని ముఖంలో చూశాను.

చాలా ఆలోచించాను. ఎవరు తప్పు చేశారు? పటేల్ చూసింది చెప్పాడు. ఆటో అతను విన్నది చెప్పాడు. లింగం నిజం చెప్పాడు. రాజమణి విన్నది నమ్మింది. అబద్ధం ఆడింది ఒక్కటే, ఆ మాట.

మర్నాటి పొద్దుటి మాటలో నేనే ముందుకు వచ్చి చెప్పాను. “ఇయ్యాల్టి సంది మన బండ్ల ఉన్నదాని పేరు మందు కాదు. విషం. విషం కలుపుతున్న, విషం కొడుతున్న, విషం డబ్బ. నోరు జారి మందు అన్నోళ్లు ఆ పూట అందరికి చాయ్ పొయ్యాలె.”

మొదటి వారం రాజన్నే ఎక్కువసార్లు చాయ్ పోశాడు.

వింతేమిటంటే, పేరు మారగానే చేతులు మారాయి. మందు అన్నప్పుడు గ్లవ్స్ వేసుకోండని నేను వెంటపడేదాన్ని. విషం అన్నాక వాళ్లే అడిగి వేసుకోసాగారు. మందు ఉన్న నాజిల్‌ను నోటితో ఊదినవాడు విషం ఉన్న నాజిల్‌ను ఊదుతాడా? పాత పళ్లు తోముకునే బ్రష్ ఒకటి పంపుకు కట్టి పెట్టుకున్నారు. మందు కలిపిన మగ్గును కడిగి నీళ్లు తాగినవాళ్లు ఇప్పుడు దాన్ని ముట్టుకోవడానికి కూడా భయపడ్డారు. గాలికి ఎదురు నిలబడి కొట్టవద్దు, ఎండ ఎక్కాక కొట్టవద్దు, తడిసిన అంగీ వెంటనే విప్పేయాలి, ఏదైనా అయితే మజ్జిగ పోయకుండా డబ్బాతో సహా దవాఖానకు ఉరకాలి. ఇవన్నీ ఎంతోకాలంగా చెబుతున్నవే. మాట మారాక చెవికి ఎక్కాయి.

లింగాన్ని పంపు ముట్టవద్దన్నాడు డాక్టర్. ఈసారి కొంచెం తగిలినా ఒళ్లు తట్టుకోదని చెప్పాడు. కత్తెర ఇచ్చి కంచె చెట్ల పనికి మార్చాం. రాజమణి కళ్లాలు మానేసి మా దగ్గరే చేరింది. “ఏం కొడ్తున్నరో నా కండ్లతో నేనే చూస్త,” అంది.

పటేల్ అలిగాడు

కొట్టిన చోట బోర్డు పెట్టడం కూడా అప్పుడే మొదలుపెట్టాం. ‘విషం కొట్టినం. రేపటి దాక ఇక్కడ కూర్చోవద్దు’ అని ఎర్ర అక్షరాలు. మొదటి బోర్డు భూమారెడ్డి పటేల్ లాన్‌లోనే నాటాం. పటేల్ చూసి అంతెత్తున ఎగిరాడు.

“సుగుణమ్మా, శుభమా అని పెండ్లిళ్లు చేసుకునే జాగ ఇది! గేటు కాడనే విషం అని రాస్తవా? నా హాల్‌కు ఇగ ఎవరన్న వస్తరా?”

“పటేలా, లింగం సంగతి మరిచినవా?”

“మరువలే. అందరు అన్నట్టె మందు అని రాయరాదు?”

“మందు అని రాస్తే మీ చుట్టాలు గ్లాసులు పట్టుకొని వస్తరు పటేలా.”

అతనికి నవ్వు వచ్చింది కానీ ఒప్పుకోలేదు. బోర్డు తీయకపోతే వేరే నర్సరీ వాళ్లకు పని ఇస్తానని రాజన్నకు ఫోన్ చేశాడు. రాజన్న నా దగ్గరికి వచ్చి తల గోక్కున్నాడు.

“అక్కా, గా ఒక్క కాడ జర సప్పుడు చేయకుంటె కాదా? పెద్ద గిరాకీ.”

“నీ గల్ఫ్ కంపెనీల గట్లనే అనేటోళ్లా రాజన్నా?”

రాజన్న చాలాసేపు మొక్కల మధ్య అటూ ఇటూ తిరిగాడు. తర్వాత బండి తాళం చేతిలోకి తీసుకొని, “నడువు, ఇద్దరం పోదాం,” అన్నాడు. భయపడని యజమాని ఎక్కడా ఉండడు. భయపడిన తర్వాత మన పక్కన వచ్చి నిలబడేవాడు మంచి యజమాని. రాజన్న నాకు జీతం పెంచిన రోజులు మరిచిపోయాను గానీ, ఆ రోజు బండి నడిపిన సంగతి మరిచిపోలేదు.

పటేల్ ముందు రాజన్న ఒకటే చెప్పాడు. “పెండ్లి ఉన్న వారంల మీ లాన్ల ఏమీ కొట్టం పటేలా. కొట్టినప్పుడు మాత్రం బోర్డు ఉంటది. బోర్డు లేకుంటె కొట్టుడే ఉండది.” ఆడపిల్లలు గజ్జెలు వేసుకొని ఆడే గడ్డి అది అని నేను గుర్తు చేశాను. పటేల్ మనవరాలు అప్పుడు కూడా అక్కడే ఆడుకుంటోంది. అతను ఆ పిల్ల వైపు చూసి, గొణుక్కుంటూ ఒప్పుకున్నాడు. “గింత నోరు పెట్టుకొని గడ్డి పీక్కుంట కూసున్నవేంది? సర్పంచ్‌గ నిలవడక!” అని నన్ను దెప్పాడు. కానీ తన నోటితో మాత్రం విషం అనే మాట ఎప్పుడూ అనలేదు. “మీ గా ఎర్ర బోర్డు” అనేవాడు.

పూల కారు

నేను పని మానేయబోయే ముందటి పెళ్లిళ్ల సీజన్. పటేల్ హాల్‌లో ఆ సాయంత్రం పెళ్లి. లింగం ప్రహరీ వెంట కంచె చెట్లు సమం చేస్తున్నాడు. రాజమణి ఆ రోజు సెలవు పెట్టి ఇంట్లో ఉంది. గోడ అవతల మక్కజొన్న చేను. మేము ఏమీ కొట్టలేదు. కానీ ఆ చేనులో ఎవరో పెద్ద పంపుతో కొడుతున్నారు, గాలి ఇటువైపు మళ్లింది. కత్తిరించే ధ్యాసలో లింగానికి తెలియలేదు. తెలిసేసరికి నిచ్చెన దిగలేక దిగి, గడ్డి మీద కూలబడ్డాడు. మళ్లీ అదే తూలుడు, అదే ముద్ద మాట.

పూలు కట్టేవాళ్లు చూసి నవ్వారు. “పొద్దుగాలనే వేసిండు. చుట్టాలొచ్చే టైమైంది పటేలా, బయట పండవెడుదమా?”

పెళ్లికూతురి తండ్రి అక్కడే ఉన్నాడు. పురోహితుడు ఉన్నాడు. ముత్తైదువలు ఉన్నారు. వాళ్లందరి మధ్య భూమారెడ్డి పటేల్ గొంతు చించుకొని అరిచాడట.

“తాగుడు కాదురా! విషం! విషం తగిలింది! అంగీ ఇప్పున్రి, నీళ్లు కొట్టున్రి!”

ఒకణ్ణి గోడ దూకించి చేనులోంచి డబ్బా తెప్పించాడు. అంబులెన్స్ వచ్చేదాకా ఆగలేదు. పెళ్లికొడుకు కోసం ముస్తాబు చేస్తున్న తన కారే ఉంది, సగం బంతిపూలు, సగం గులాబీలు. దాంట్లోనే లింగాన్ని పడుకోబెట్టి తోలించాడు. నాకూ రాజమణికీ ఫోన్ చేసి ఒకటే మాట చెప్పాడు. “లింగానికి విషం తగిలింది. దవాఖానకు రాన్రి.”

నేను పోయేసరికి దవాఖాన ముందు ఆ కారు నిలబడి ఉంది. పూల దండలు వేలాడుతున్నాయి, ఎవరి పెళ్లో అని జనం మూగారు. లోపల వైద్యం అప్పటికే మొదలైంది. డాక్టర్ చేతిలో డబ్బా ఉంది, ఎవరూ ఎవరినీ ఏమీ అడగనక్కరలేదు. తగిలింది కొంచెమే, వచ్చింది వెంటనే, భయం లేదన్నాడు. నేను బయటికి వచ్చి బెంచీ మీద కూర్చున్నాను.

పటేల్ వరండాలో చెమట తుడుచుకుంటూ నన్ను చూశాడు. “పెండ్లి పందిట్ల, అయ్యగారి ముంగట, నా నోటితోనే అనిపిస్తివి కద సుగుణమ్మా!” అన్నాడు. ఆ పెళ్లి బాగానే జరిగింది. పెళ్లికొడుక్కు ఇంకో కారు దొరికింది.

కొంతసేపటికి లింగం కళ్లు తెరిచాడు. పక్కన రాజమణి కొంగుతో అతని ముఖం తుడుస్తోంది. అతను ఆమెను చూసి కంగారుపడ్డాడు. పెదాలు తడుపుకొని ఏదో చెప్పబోయాడు.

“రాజమణీ, నేను…”

“ఎర్కనే,” అంది ఆమె. “గీసారి సమజైంది నాకు. మాట్లాడకు, పండుకో.”

అతను కళ్లు మూసుకున్నాడు. మళ్లీ కళ్లు తెరిచి, సంసారం చేసే మనిషి కదా, అడిగాడు.

“ఇంటికి తాళం ఏసినవా?”

“తాళమా?” అంది రాజమణి. “తలుపు గూడ పెట్టలే. గట్లనే ఉరికొచ్చిన.”